నల్లతెర మీద తాతయ్య నవ్వు

తెల్లారితే తాతయ్య సంవత్సరీకం. బంధువులు ఒక్కొక్కరే దిగుతున్నారు. పటం కట్టించడానికి ఫొటో కావాలి. ఏదో ఒకటి కాదు... పొలం గట్టు మీద, భుజాన తువ్వాలుతో నవ్వుతూ నిలబడ్డ ఫొటో. ‘అదయితేనే ఆయన ఆయనలా ఉంటారు’ అని నానమ్మ పట్టు. ఆ ఫొటో ఉన్నది హాల్లో మూలనున్న పాత కంప్యూటర్లో. స్టూడియో రాత్రి ఎనిమిదింటికి మూసేస్తారు. సాయంత్రం అయిదున్నరకి మనవడు స్విచ్చి నొక్కాడు. ఫ్యాను తిరిగింది. లైటు వెలిగింది. తెర మీదకి మాత్రం రోజూ వచ్చే పూల బొమ్మ రాలేదు. నల్లటి తెర, పైన నాలుగు ఇంగ్లిష్ ముక్కలు, పక్కన మిణుకు మిణుకుమంటూ ఒక తెల్లగీత.

‘‘పోయిందంటావా?’’ అంది అమ్మ.

‘‘పోలేదమ్మా. లోపల అన్నీ ఉన్నాయి. బొమ్మల తెర రావట్లేదంతే.’’

రిపేరు షాపుకి ఫోన్ చేస్తే ఒకటే మాట: ‘‘తెచ్చి పడేయండి. ఫార్మాట్ కొట్టేద్దాం.’’

నానమ్మకి ఫార్మాట్ అంటే ఏమిటో తెలియదు. ‘కొట్టేద్దాం’ అన్న మాట మాత్రం అర్థమైంది. కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చుంది. ‘‘నా ఫొటో చూపించాకే ఏదైనా కొట్టండి’’ అంది.

ఇలాంటి సాయంత్రం లినక్స్ వాడే ఏ ఇంట్లోనైనా రావచ్చు. అప్‌డేట్ సగంలో కరెంటు పోయినా, గ్రాఫిక్ కార్డు మొరాయించినా మిగిలేది ఆ నల్లతెరే. అక్షరాలు తప్ప ఏమీ కనపడని ఆ తెర మీద ఫొటో చూడటం సాధ్యమేనా? సాధ్యమే. అదీ ఒకటి కాదు, నాలుగైదు దారుల్లో!

మేడ కూలినా పునాది పదిలం

లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ మొదలుపెట్టినప్పుడు అందులో బొమ్మలూ లేవు, మౌసూ లేదు. అంతా అక్షరాలే. కిటికీలూ ఐకాన్లూ చూపించే ‘ఎక్స్’ అనే ఏర్పాటు ఆ తర్వాత వచ్చి చేరింది. అది కింది ఇంటి మీద కట్టిన మేడలాంటిది. మేడ మీదకి మెట్లు విరిగిపోతే కింది ఇల్లు కూలిపోదు కదా! గ్రాఫిక్ తెర రాకపోయినా కెర్నెల్ నడుస్తూనే ఉంటుంది. హార్డ్‌డిస్కు తిరుగుతూనే ఉంటుంది. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి.

ఆ కింది ఇంట్లోకి వెళ్లే తలుపు కీబోర్డు మీదే ఉంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3... మూడూ కలిపి నొక్కితే లాగిన్ అడిగే తెర వస్తుంది. యూజర్ పేరు కొట్టాలి, తర్వాత పాస్‌వర్డ్. ఇక్కడే చాలామంది కంగారుపడతారు. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలూ రావు, నక్షత్రాలూ రావు. కీబోర్డు పాడైందనుకుని మళ్లీ మళ్లీ కొడతారు. పాడవలేదు. పక్కనున్నవారికి ఎన్ని అక్షరాలో కూడా తెలియకూడదని అలా దాస్తుంది. నమ్మకంగా కొట్టి ఎంటర్ నొక్కడమే.

అందరూ చేసే మొదటి తప్పు

లోపలికి వెళ్లాక ఫైల్‌లో ఏముందో చూడటానికి ‘క్యాట్’ అనే కమాండు ఉంది. ఉత్తరాలూ జాబితాలూ అయితే చక్కగా చదివి వినిపిస్తుంది. అదే ఉత్సాహంతో ఫొటో మీద ప్రయోగిస్తే... తెరంతా పిచ్చిగీతలు, గుండ్రాలు, మధ్యమధ్యలో కీచుమని కూతలు! ఒక్కోసారి ఆ తర్వాత కొట్టే అక్షరాలు కూడా గీతల్లా మారిపోతాయి. ‘అయ్యో, ఉన్నదీ పోగొట్టావా’ అని ఇంట్లోవాళ్లు మీద పడేది అప్పుడే.

ఏమీ పోదు. ఫొటోలో ఉన్న అంకెల్ని అక్షరాలనుకుని ఆ తెర చదివేసింది. వాటిలో కొన్ని ‘గంట కొట్టు’, ‘అక్షరాల తీరు మార్చు’ అనే ఆజ్ఞలయ్యాయి. ‘రీసెట్’ అని కొట్టి ఎంటర్ నొక్కితే తెర మామూలుగా అవుతుంది. కొట్టేటప్పుడు ఆ అక్షరాలు కనపడకపోయినా సరే, పని జరుగుతుంది.

ఫొటో చూసే ముందు అది ఫొటోనో కాదో తేల్చుకోవడం మంచిది. దానికి ‘ఫైల్’ అనే పేరుతోనే ఒక చిన్న కమాండు ఉంది. ఫైల్ పేరు చివరి అక్షరాల్ని అది నమ్మదు. లోపలి మొదటి కొన్ని బైట్లు చూసి ‘ఇది జేపెగ్ బొమ్మ’, ‘ఇది పీఎన్‌జీ’ అని చెబుతుంది. చాలా బొమ్మలకి వెడల్పూ ఎత్తూ కూడా చెబుతుంది. ఇక ‘ఎగ్జిఫ్‌టూల్’ ఉంటే కెమెరా ఏదో, ఫొటో ఏ రోజు ఏ గంటకి తీశారో కూడా చదివేస్తుంది. ‘సంక్రాంతికి తీసింది’ అన్న గుర్తు ఉంటే చాలు, వెతకాల్సినవి సగానికి సగం తగ్గిపోతాయి.

ముగ్గు వేసే నేల

ఇంతకీ అక్షరాల తెర మీద బొమ్మ ఎలా వస్తుంది?

పాత కంప్యూటర్ల అక్షరాల తెరకి 80 నిలువు వరసలు, 25 అడ్డ వరసలు. మొత్తం 2,000 గళ్లు. గడికి ఒక్క అక్షరం. ఒక్కో గడికీ రెండు బైట్లు... ఒకటి అక్షరానికి, ఇంకోటి రంగుకి. అంటే 4,000 బైట్లతో తెర మొత్తం నిండిపోయేది. చవకైన ఏర్పాటు. కానీ ఆ గడిలో అక్షరం తప్ప ఇంకేదీ పట్టదు.

1990ల చివర్లో లినక్స్‌లోకి ‘ఫ్రేమ్‌బఫర్’ వచ్చింది. గళ్లకి బదులు చుక్కలు! ముగ్గు పెట్టే ముందు వాకిట్లో చుక్కలు పరిచినట్టు, తెర మీద ఎన్ని చుక్కలున్నాయో అన్నింటికీ మెమరీలో చోటు ఉంటుంది. అడ్డంగా 1024, నిలువుగా 768 చుక్కలుండే తెరకి మొత్తం 7,86,432 చుక్కలు. చుక్కకి నాలుగు బైట్ల లెక్కన సుమారు 3 మెగాబైట్లు. ఏ చోట ఏ అంకె రాస్తే తెర మీద ఆ చుక్క ఆ రంగులో వెలుగుతుంది. అక్షరాలు కూడా ఈ చుక్కలతో వేసిన చిన్న ముగ్గులే. అక్షరం వేయగలిగిన నేల మీద ఫొటో మాత్రం ఎందుకు వేయకూడదు?

లినక్స్‌లో పరికరాలన్నీ చాలావరకు ఫైళ్లలాగే కనిపిస్తాయి. ఈ నేల కూడా అంతే. ‘డెవ్’ అనే ఫోల్డర్‌లో ‘ఎఫ్‌బీ0’ అనే పేరుతో కూర్చుని ఉంటుంది. దాన్లోకి ఏది రాస్తే అది తెర మీద కనిపిస్తుంది. ఉత్తుత్తి అంకెలు పోస్తే రంగురంగుల ఇసుక జల్లినట్టు వస్తుంది. పద్ధతిగా పోస్తే తాతయ్య వస్తాడు.

నిజానికి ఈ నల్లతెర మీద బొమ్మని చాలామంది ఎప్పుడో చూసే ఉంటారు. కొన్ని కంప్యూటర్లు మొదలయ్యేటప్పుడు ఎడమ మూల ఒక బొద్దు పెంగ్విన్ కనిపిస్తుంది చూడండి... అది టక్స్. 1996లో లారీ ఎవింగ్ గీసిన లినక్స్ గుర్తు. కెర్నెల్ దాన్ని వేసేది ఈ చుక్కల నేల మీదే. ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లుంటే అన్ని పెంగ్విన్లు వరసగా నిలబడటం కూడా ఉంది!

మూడక్షరాల మంత్రం

ఆ నేల మీద ఫొటో వేసే ప్రోగ్రాముల్లో బాగా పేరున్నది ‘ఎఫ్‌బీఐ’. అమెరికా పోలీసులకి దీనితో సంబంధం లేదు. ఫ్రేమ్‌బఫర్ ఇమేజ్‌వ్యూయర్ అన్న మాటలకి పొట్టి పేరు. రాసింది జర్మనీకి చెందిన గెర్డ్ హాఫ్‌మన్. కంప్యూటర్లో టీవీ కార్డు పెట్టుకుని లినక్స్‌లో టీవీ చూసిన పాతవాళ్లకి ‘ఎక్స్ఏడబ్ల్యూటీవీ’ గుర్తుంటే, అదీ ఆయన రాసిందే.

వాడటం తేలిక. ఎఫ్, బీ, ఐ... మూడూ చిన్నక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి ఫొటో ఫైల్ పేరు ఇస్తే చాలు. మధ్యలో ఒక అడ్డగీతా దాని పక్కన ‘ఎ’ అక్షరమూ పెడితే పెద్ద ఫొటోని తెరకి సరిపడేలా కుదిస్తుంది. ఇది మరిచిపోతే మాత్రం ఇబ్బందే. ఇప్పటి ఫోన్ ఫొటోలు 4,000 చుక్కల వెడల్పుంటాయి. తెర మీద తాతయ్య చెవి ఒక్కటే కనపడి ఇంట్లోవాళ్లు హడలిపోతారు. బాణం గుర్తులతో పక్కకి జరపొచ్చు. ప్లస్ నొక్కితే పెద్దది, మైనస్ నొక్కితే చిన్నది. పేజ్‌డౌన్ నొక్కితే తర్వాతి ఫొటో, పేజ్‌అప్ నొక్కితే ముందుది. అడ్డంగా పడుకున్న ఫొటోని ‘ఆర్’, ‘ఎల్’ నొక్కి నిలబెట్టొచ్చు. చాలనుకుంటే ‘క్యూ’.

జేపెగ్, పీఎన్‌జీ, జిఫ్, టిఫ్, బీఎంపీ... మామూలుగా ఇళ్లలో ఉండే రకాలన్నీ చూపిస్తుంది. తెలియని రకం వస్తే ‘ఇమేజ్‌మ్యాజిక్’ అనే ఇంకో ప్రోగ్రామ్ సాయం అడుగుతుంది.

రెండు చిక్కులు మాత్రం ముందే తెలుసుకోవాలి. ఒకటి, తెర మీద నేరుగా రాసే హక్కు అందరికీ ఉండదు. ‘వీడియో’ అనే గుంపులో సభ్యత్వం ఉండాలి. లేకపోతే కమాండు ముందు ‘సుడో’ చేర్చి యజమాని హోదాలో నడపాలి. రెండు, ఎఫ్‌బీఐ అన్ని కంప్యూటర్లలో ముందే ఉండదు. డెబియన్, ఉబుంటు వాడేవాళ్లు నెట్ కేబుల్ గుచ్చి, ‘ఆప్ట్’ కమాండుతో దించుకోవాలి. నెట్ కూడా లేకపోతే, ఇంకో కంప్యూటర్లో లైవ్ పెన్‌డ్రైవ్ తయారుచేసి దాంతో దీన్ని మొదలుపెట్టడం ఒక దారి.

ఎఫ్‌బీఐని చూసి ఇటలీకి చెందిన మైకేలె మార్తోనె ‘ఫిమ్’ రాశారు. ‘మెరుగుపరచిన ఎఫ్‌బీఐ’ అని దాని పేరుకి అర్థం. ఫ్రేమ్‌బఫర్ దొరికితే చుక్కలతో వేస్తుంది, దొరక్కపోతే అక్షరాలతోనైనా వేస్తుంది. అంతకుముందు రోజుల్లో, అంటే 1990ల్లో, ‘ఎస్‌వీజీఏలిబ్’ మీద నడిచే ‘జెడ్‌జీవీ’ అనేది ఉండేది. రసెల్ మార్క్స్ రాసిన ఆ ప్రోగ్రామ్‌తో, ఎక్స్ మోయలేని చిన్న కంప్యూటర్లలో కూడా అప్పటివాళ్లు ఫొటోలు చూసుకున్నారు.

ముఖం చూపింది, పేరు రాయలేదు

అక్కడ మనవడు కేబుల్ గుచ్చాడు, ఎఫ్‌బీఐ దించాడు. టైము ఆరుంబావు. ఫోల్డర్ తెరిచి పేర్లు చూద్దామనుకున్నాడు. చూస్తే అన్నీ గళ్లు! ప్రశ్నార్థకాలు!

అక్క పెళ్లయి వెళ్లేముందు ఆ ఫొటోలన్నింటినీ కూర్చుని సర్దింది. ప్రతి ఫోల్డర్‌కీ తెలుగులో పేరు పెట్టింది. ‘తాతయ్య-పొలం’, ‘అమ్మమ్మ ఊరు’, ‘చిన్నాన్న గృహప్రవేశం’... మామూలు తెర మీద ముచ్చటగా కనిపించేవి. నల్లతెర మీద ఒక్క అక్షరం లేదు.

ఇదేమీ కంప్యూటర్ పాడవడం కాదు. ఆ కన్సోల్ అక్షరపెట్టెలో 256 బొమ్మలే పడతాయి, మహా అయితే 512. పాత వీజీఏ కార్డుల నాటి లెక్క అది. తెలుగు 1991 నుంచే యూనికోడ్‌లో ఉంది. అక్షరాల లెక్క చూస్తే 128 గళ్ల పట్టికలో ఇమిడిపోతుంది. కానీ మన రాత వరసగా పేర్చే ఇటుకల్లాంటిది కాదు. ‘స్త్రీ’ రాయాలంటే సకారం కింద తావొత్తు, దాని పక్కన రావొత్తు, పైన గుడిదీర్ఘం... అన్నీ కలిసి ఒక్క రూపం కావాలి. గడికొక అక్షరం చొప్పున పెట్టుకుంటూ పోయే కన్సోల్‌కి ఆ కలపడం రాదు. అందుకే గడి గీసి ఊరుకుంటుంది.

విచిత్రం చూడండి... తాతయ్య ముఖంలో ప్రతి ముడతనీ చూపించగల తెర ఆయన పేరు మాత్రం రాయలేదు!

పేరు చదవలేకపోతే ఫోల్డర్ తెరిచేదెలా? దానికి నక్షత్రం గుర్తు ఉంది. ‘ఏదైనా సరే’ అని దాని అర్థం. ఫోల్డర్ పేరు ఉండాల్సిన చోట ఒక నక్షత్రం, ఫైల్ పేరు ఉండాల్సిన చోట ఇంకో నక్షత్రం పెట్టి చివర జేపీజీ అంటే, అన్ని ఫోల్డర్లలోని అన్ని ఫొటోలూ వరసలో నిలబడతాయి. ఒక్క జాగ్రత్త. లినక్స్‌కి పెద్ద అక్షరాలూ చిన్న అక్షరాలూ వేరు. కొన్ని కెమెరాలు జేపీజీ అని పెద్దక్షరాల్లో రాస్తాయి. రెండు రకాలూ ఇవ్వకపోతే సగం ఫొటోలు దాక్కుండిపోతాయి.

ఎఫ్‌బీఐలో ఒక చిన్న సదుపాయం ఉంది. దాని గురించి చాలామందికి తెలియదు. స్పేస్ నొక్కితే ఊరికే తర్వాతి ఫొటోకి వెళుతుంది. ఎంటర్ నొక్కితే కూడా వెళుతుంది, కానీ వెళ్లేముందు అప్పటిదాకా చూపించిన ఫైల్ పేరుని రాసిపెడుతుంది. కమాండు చివర లెక్కల్లో వాడే ‘కంటే ఎక్కువ’ గుర్తు పెట్టి ఒక ఫైల్ పేరు ఇస్తే, ఆ పేర్లన్నీ అందులో చేరతాయి. అంటే వద్దనుకున్నవాటికి స్పేస్, కావాలనుకున్నవాటికి ఎంటర్. చివరికి నచ్చిన ఫొటోల జాబితా తయారు! అందులో పేర్లు మనకి గళ్లలాగే కనిపిస్తాయి కానీ, కంప్యూటర్‌కి ఆ బైట్లు పొల్లుపోకుండా తెలుసు. ఆ జాబితానే కాపీ చేసే కమాండుకి అందిస్తే పని పూర్తి.

మనవడు కీబోర్డుని నానమ్మ ముందుకి జరిపాడు. ‘‘ఇదిగో ఈ పొడుగు మీట నొక్కుతూ ఉండు నానమ్మా. తాతయ్య కనపడగానే ఈ పెద్ద మీట నొక్కు.’’

‘‘నాకేం వస్తుందిరా ఇదంతా’’ అంటూనే ఆవిడ కళ్లజోడు సరిచేసుకుంది.

అక్షరాలతో గాంధీ బొమ్మ

ఫ్రేమ్‌బఫర్ కూడా దొరకని సందర్భాలుంటాయి. ఉదాహరణకి, హైదరాబాద్‌లో ఉన్న అబ్బాయి ఊళ్లో ఉన్న కంప్యూటర్లోకి ఎస్ఎస్‌హెచ్ ద్వారా వెళ్లాడనుకోండి. అక్కడ ఎఫ్‌బీఐ నడిపితే, నడిచినా ఫొటో ఊళ్లో తెర మీద వస్తుంది కానీ అతని ముందుకి రాదు. తీగ మీద ప్రయాణించేవి అక్షరాలే. అప్పుడు అక్షరాలతోనే బొమ్మ వేయాలి.

ఇది మనవాళ్లకి కొత్త విద్య కాదు. టైపు ఇన్‌స్టిట్యూట్లు వీధికొకటి ఉన్న రోజుల్లో ఎక్స్‌లూ చుక్కలూ కొట్టి గాంధీగారి బొమ్మ తెప్పించినవాళ్లు ఉండేవారు. నీడ ఉన్నచోట దట్టమైన అక్షరం, వెలుగున్నచోట చుక్క, తెల్లగా ఉండాల్సినచోట ఖాళీ. చెక్ ప్రోగ్రామర్ యాన్ హుబిచ్కా, ఆయన మిత్రులు 1990ల చివర చేసిన ‘ఏఏలిబ్’ సరిగ్గా ఇదే పని చేస్తుంది. ఆ తర్వాత ఫ్రాన్స్‌కి చెందిన శామ్ ఓస్వార్ ‘లిబ్‌కాకా’తో వాటికి రంగులద్దారు. దాంతో వచ్చే ‘కాకావ్యూ’ అక్షరాల ఫొటో ఆల్బమ్ లాంటిది. పేరు చూసి మన కాకి అనుకునేరు, ఆ కాకా వేరు!

80 అడ్డం, 25 నిలువు గళ్లలో మనిషి ముఖం పోల్చుకోవచ్చా అంటే... దగ్గరనుంచి చూస్తే కష్టం. నాలుగడుగులు వెనక్కి వెళ్లి కళ్లు చికిలించి చూస్తే ముఖం తేలుతుంది. గడిని పైనా కిందా రెండు సగాలు చేసి రెండు రంగులు నింపే ఉపాయం ఉంది. దాంతో 2,000 గళ్లు 4,000 చుక్కలవుతాయి. 2018లో వచ్చిన ‘చాఫా’ ఇంకా ముందుకి వెళ్లింది. గడిలో ఏ గుర్తు, ఏ రెండు రంగులు పెడితే అసలు ఫొటోకి దగ్గరగా ఉంటుందో లెక్కలేసి మరీ ఎంచుతుంది. ‘ఇది పెళ్లి ఫొటోనా, పొలం ఫొటోనా’ అని తేల్చుకోవడానికి అది ధారాళంగా సరిపోతుంది.

ఇంకో పాత దారి ‘సిక్సెల్’. 1980ల్లో డెక్ అనే అమెరికా కంపెనీ తన ప్రింటర్లకీ టెర్మినళ్లకీ తెచ్చిన పద్ధతి. నిలువుగా ఆరు చుక్కల్ని ఒక్క అక్షరంలో మూటగట్టి పంపుతారు. అవతలి టెర్మినల్‌కి ఆ భాష వస్తే మూట విప్పి అసలైన బొమ్మే వేస్తుంది. నలభై ఏళ్ల నాటి ఆ చిట్కాని కొత్త టెర్మినల్ ప్రోగ్రాములు కొన్ని మళ్లీ నేర్చుకున్నాయి.

సగమే వచ్చిన బొమ్మ

పాత హార్డ్‌డిస్కుల్లో ఫొటో పైసగం చక్కగా వచ్చి, కిందిసగం బూడిదరంగులో ఆగిపోవడం చూస్తుంటాం. దానికి కారణం జేపెగ్ దాచుకునే తీరులో ఉంది. ఫొటోని అది ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పున్న చిన్నచిన్న గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలోని వెలుగునీడల్ని అలలుగా మార్చి, కంటికి ఆనని సన్న అలల్ని వదిలేస్తుంది. అందుకే ఫొటో అంత చిన్న ఫైల్‌లో ఇముడుతుంది. మామూలు జేపెగ్‌లో ఆ గళ్లు పైనుంచి కిందికి వరసగా ఉంటాయి. మధ్యలో తెగితే అక్కడిదాకానే బొమ్మ.

ఈ అలల లెక్కలో మనవాళ్ల చెయ్యి ఉంది. దాన్ని 1974లో ప్రకటించిన పరిశోధన పత్రం మీద మూడు పేర్లుంటాయి... బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, టి.నటరాజన్, కె.ఆర్.రావు. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ చదివి అమెరికా వెళ్లిన కామిశెట్టి రామమోహన్‌రావు ఆర్లింగ్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు పాఠాలు చెప్పారు. 2021లో కన్నుమూశారు. ఇవాళ ఏ ఫోన్లో జేపెగ్ ఫొటో తెరిచినా ఆ ముగ్గురి లెక్క ఒకసారి నడుస్తుంది.

ఇక పొరపాటున ఫొటోలు చెరిపేసినవాళ్లకి ‘ఫొటోరెక్’ ఉంది. క్రిస్టఫ్ గ్రెనియే రాసిన ఈ ప్రోగ్రామ్ కూడా నల్లతెర మీదే నడుస్తుంది. డిస్కంతా జల్లెడ పట్టి, జేపెగ్ ఆరంభంలా కనిపించిన ప్రతిదాన్నీ ఏరి తెస్తుంది. కానీ పేర్లు తేలేదు. అన్నీ అంకెల పేర్లే వేలకొద్దీ వస్తాయి. వాటిలో ఏది ఏదో తేల్చాలంటే మళ్లీ కళ్లతో చూడాల్సిందే, అంటే ఎఫ్‌బీఐ దగ్గరికే రావాలి. ఒక్క నియమం మాత్రం మరవకూడదు. దొరికిన ఫొటోల్ని అదే డిస్కులో దాచకూడదు. దాస్తే ఇంకా దొరకాల్సినవాటి మీదే రాసేసినట్టవుతుంది.

ఎనిమిదికి పదిహేను నిమిషాలు

పొడుగు మీట నొక్కుతున్న నానమ్మ చాలాచోట్ల ఆగిపోయింది. పుట్టింటివారి ఫొటో దగ్గర ఆగింది. పోయిన ఆవు దగ్గర ఆగింది. ‘‘టైమైపోతోంది నానమ్మా’’ అంటే మళ్లీ కదిలింది. ఏడున్నరకి చెయ్యి ఆగిపోయింది. ఈసారి ఎవరూ తొందరపెట్టలేదు.

పొలం గట్టు. భుజాన తువ్వాలు. ఫొటో అడ్డంగా పడుకుని ఉంది. మనవడు ‘ఆర్’ నొక్కాడు. తాతయ్య లేచి నిలబడ్డాడు.

నానమ్మ ఎంటర్ నొక్కింది.

మిగిలిన పని అయిదు నిమిషాలు. పెన్‌డ్రైవ్ గుచ్చి, ‘ఎల్ఎస్‌బీఎల్‌కే’ కమాండుతో దాని పేరు చూసుకోవాలి. ‘మౌంట్’ అని దాన్ని తగిలించాలి. జాబితాలోని ఫైల్ కాపీ చేయాలి. చివర్లో ‘యూమౌంట్’ అనడం తప్పనిసరి. కాపీ అయినట్టే కనిపించినా కొంత ఇంకా మెమరీలోనే ఉండొచ్చు. ఆ మాట అనకుండా లాగేస్తే స్టూడియోలో ఖాళీ ఫైల్ తెరుచుకుంటుంది. ఇక ఫార్మాట్ సంగతి... మిగతా ఫొటోలన్నీ పెద్ద డిస్కులోకి ఎక్కించాకే ఆ మాటెత్తాలి. ఫొటోలు రెండుచోట్ల ఉన్న ఇంట్లో నల్లతెర ఎవరినీ భయపెట్టదు.

షట్టరు సగం దించిన స్టూడియోలో కుర్రాడు పెన్‌డ్రైవ్ తీసుకున్నాడు. తన కంప్యూటర్లో ఫోల్డర్ తెరిచాడు. నల్లతెర మీద గళ్లుగా కనిపించిన పేరు అక్కడ తెలుగులో వచ్చింది... ‘తాతయ్య-పొలం-నవ్వుతూ’.

‘‘పటం కింద పేరు రాయాలా అండీ?’’ అని అడిగాడు.

‘‘వద్దు’’ అన్నాడు మనవడు. ‘‘చూస్తే తెలుస్తుంది.’’